కుండీ పక్కన బల్ల

నా కంటికి రంగులు తెలుసని నాకు కొంచెం పొగరు. మా పుట్టిల్లు జనగామ. మా అన్న విజయ్‌కి అక్కడ మ్యాచింగ్ సెంటరు ఉంది. ఆడవాళ్లు తెచ్చిన చీరెకు జాకెట్టు ముక్క, ఫాలు, లంగా రంగు కలిపి ఇవ్వడం నాకు పదేళ్లప్పుడే పట్టుబడింది. దుకాణంలో లైటు కింద కలిసిన రంగు ఎండలోకి వెళ్తే కలవదు. అందుకని ప్రతి ముక్కనూ గడప బయటికి తీసుకెళ్లి చూపించేదాన్ని. మా సులోచన చెయ్యి పడితే బట్ట వాపసు రాదని మా అన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు.

పెళ్లయి మానుకోట వచ్చాక ఆ విద్యతో పని లేకుండా పోయింది. మా ఆయన రాజేశానికి ఊరి చివర సిమెంటు సామాన్ల యార్డు ఉంది. బాయి రింగులు, పశువులు నీళ్లు తాగే గోలేలు, వెంటిలేటర్లు, తులసి కోటలు పోస్తారు. అన్నీ బూడిద రంగే. ఇరవై ఆరేళ్లు ఆ ఒక్క రంగే చూస్తూ కూర్చున్నాను.

బోర్డు మీద పేరు మా ఆయనది. చెయ్యి మాత్రం దేవ్యాది. గూడూరు అవతలి తండా నుంచి పొద్దున మొదటి బస్సుకు వస్తాడు. నా పెళ్లికి ముందు నుంచీ వస్తున్నాడు. అచ్చుకు నూనె రాయడం, సిమెంటు మాలు కలపడం, పోయడం, తడి గోనెలు కప్పడం, నీళ్లు కొట్టడం అన్నీ అతనే. రింగు మీద వేలితో ఒకసారి కొట్టి, చెవి పెట్టి, "ఇంక రెండు దినాలు ఉండనీ సేటూ" అనేవాడు. రెండు రోజులు ఉండనిచ్చేవాళ్లం. మా ఆయన బేరం చేయడంలో ఘనుడే గానీ, తాపీ చేత పట్టుకుంటే రోకలిబండ పట్టుకున్నట్టే ఉంటుంది.

ఆ ఉగాది నాటికి దేవ్యా వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నాడు. కొడుకు ప్రేమ్‌సింగ్ హైదరాబాదులో ఉంటాడు, వచ్చి తన దగ్గర ఉండమని పోరుతున్నాడు. ఏళ్ల తరబడి వంగి వంగి దేవ్యా నడుము కూడా పోయింది. పది నిమిషాలు నిలబడితే గోడ పట్టుకుంటాడు. దేవ్యా పోతే యార్డు లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

అప్పుడే డాక్టర్ నవ్య మేడం వచ్చింది. ఊళ్లో కొత్తగా కాన్పుల దవాఖాన పెట్టిన అమ్మాయి. కారు దిగి, దుమ్ములో అట్లాగే నడుచుకుంటూ వచ్చి, ఫోన్ తీసి మాకు ఒక ఫొటో చూపించింది. హైదరాబాదులో ఏదో కాఫీ దుకాణం వాకిలట. బల్లలు, వాటికి అటూ ఇటూ ఎత్తైన కుండీలు, వెనక గోడకు వేలాడే అలంకారాలు.

"మా దవాఖాన ముంగట ఇట్లనే కావాలె అంకుల్. బల్ల, కుండి, గోడమీద డెకరేషన్, మూడూ కలవాలె. తలా ఒక దుకాణంల కొన్నట్టు ఉండొద్దు. పేషెంట్ల తోటి వచ్చినోళ్లు మెట్ల మీద, కార్ల సందుల్ల కూసుంటున్నరు. మూడు దినాలు నాలుగు దినాలు అట్లనే ఉంటరు పాపం. నాకు మంచిగ అనిపిస్తలేదు."

"మ్యాచింగా?" అన్నాడు మా ఆయన, నన్ను ముందుకు తోస్తూ. "గయన్నీ మా ఆమె చూస్తది మేడం. వాళ్లు పుట్టు మ్యాచింగోళ్లు."

నేను ఊరుకుంటానా. "బల్ల చీరె అనుకోండ్రి మేడం. కుండి జాకెట్టు. గోడమీదిది అంచు. చీరె సాదాగ ఉంటె జాకెట్టుకు జర సోకు చెయ్యొచ్చు. రెండూ సోకు చేస్తే చూసేటోళ్లకు కండ్లు పోతయి" అన్నాను. ఆమె పకపకా నవ్వి, ఎనిమిది బల్లలు, పదహారు కుండీలు చెప్పి వెళ్లింది.

ఫొటోలో కుండీ నలుపలకలుగా, నడుము దగ్గర సన్నగా, పైన అంచు కట్టి ఉంది. కొత్త అచ్చు చేయించాలంటే నెల పడుతుంది. మా ఆయన ఫోన్ వైపు, మూలన బోర్లించి ఉన్న తులసి కోట అచ్చు వైపు రెండుసార్లు చూశాడు.

"గిదే గద! దీపం గూడు ఒక్కటి మూస్తె సరిపాయె."

దేవ్యా అచ్చు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "సేటూ, గిది దేవుని అచ్చు. పూల మొక్కలకెందుకు?"

"గూడు మూస్తే కుండి, తెరిస్తే కోట" అన్నాను నేను. ఆ మాట నాకే ఎంతో ముద్దొచ్చింది. ఆ వారమంతా వచ్చినవాళ్లకల్లా చెప్పాను.

దేవ్యా చెక్క ముక్క చెక్కి గూడు దగ్గర బిగించాడు.

ఏప్రిల్ అంతా ఆ పనే. ఎండలకు సిమెంటు పగలకుండా తెల్లవారకముందే పోసేవాడు. అందుకోసం రాత్రిళ్లు యార్డులోనే పడుకున్నాడు. బల్ల కట్టెతో చేసినట్టు కనిపించాలని మేడం అడిగితే, నా దగ్గర పళ్లు విరిగిన దువ్వెన అడిగి తీసుకొని, పచ్చి సిమెంటు మీద చారలు దువ్వాడు. అక్కడక్కడా బొటనవేలితో తిప్పి కట్టెలో కణుపులు చేశాడు. మూలలు మాత్రం గుండ్రంగా రుద్దాడు. "పిలగాండ్లకు తాకుతది" అన్నాడు. మొదటి బల్ల గట్టిపడ్డాక తనే కూర్చుని చూసి, వెనక్కి ఆని, మళ్లీ దిగి, వీపు ఆనే చోటు ఇంకొంచెం వాల్చి రెండో బల్ల పోశాడు. నడుము నొప్పి ఉన్నవాడికే ఆ వాలు ఎంత ఉండాలో తెలుస్తుంది.

రంగులు నావి. బల్లలకు టేకు రంగు. కుండీలకు కావి వేసి, అంచుకు, అడుగుకు తెల్ల చారలు తీయించాను. గోడకు చిన్న ఇత్తడి గంటలు గుత్తులుగా వేలాడదీయించాను. ప్రతిదీ ఎండలో పెట్టి, నీడలో పెట్టి చూశాను. కావి మీద తెల్ల చార ఎంత నిండుగా ఉందో! చిన్నప్పటి నుంచీ ఆ రెండు రంగులు పక్కపక్కన ఎక్కడ చూస్తూ వచ్చానో ఒక్క నిమిషం ఆగి ఆలోచించుకుంటే బాగుండేది. గుడి గోడ మీద తప్ప నేను వాటిని ఇంకెక్కడ చూశాను?

బిగించే రోజు దేవ్యా నాతో ఒక మాట చెప్పాడు.

"అక్కా, మా బిడ్డ దీపను ఈ మేడంకే చూపెడ్తున్న. జూన్ ఆఖరుకు దినాలు. రెండుసార్లు కడుపు నిలువలే గద దానికి. మేడంను అడిగితే, నువ్వు మా దవాఖాన పని చేసినవ్, నీ బిడ్డను నేనే చూస్త అన్నది."

"మంచిగైతదిలే దేవ్యన్నా."

"అయితది. ఈపాలి మెట్ల మీద పడి ఉండుడు లేదు. నా బల్ల మీద నేనే కూసుంట" అని నవ్వాడు. అతను నవ్వడం తక్కువ.

దవాఖాన వాకిలి చూసి ఊరంతా మెచ్చుకుంది. జనం వచ్చి ఫొటోలు దిగారు. భూపాలపల్లిలో ఉండే మేడం స్నేహితురాలు తన ఆసుపత్రికి కూడా అచ్చం ఇట్లాంటివే కావాలని ఫోన్ చేసింది. మా ఆయన ఆ మాట చెప్పగానే దేవ్యా గోనె సంచి మడుస్తూ, "సరే సేటూ, ప్రేమ్‌సింగ్‌కు వచ్చేయేడు వస్తనని చెప్త" అన్నాడు. ఆ పూట మా ఇంట్లో పాయసం వండాను. పండగ లేదు, పబ్బం లేదు, ఎందుకని మా ఆయన అడగలేదు.

మేడం నర్సరీ నుంచి తెప్పించిన ఆకు మొక్కలు మే మొదటి వారానికే మాడిపోయాయి. మానుకోట ఎండ సంగతి ఆ మొక్కలకేం తెలుసు. గేటు దగ్గరి కుండీలో ఎండిపుల్ల నిలబడి ఉంటే నా ప్రాణం ఊరుకోలేదు. అంత కష్టపడి రంగులు కలిపింది ఎండుపుల్ల కోసమా? ఒక శుక్రవారం పొద్దున ఇంటి దగ్గరి తులసి మొక్క ఒకటి పెకలించి తీసుకెళ్లి అందులో నాటాను. చెంబెడు నీళ్లు పోశాను. నాటింది తులసి. చేసింది శుక్రవారం. చెయ్యి దానంతటదే కొంగుముడి విప్పి, కుండీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త బండి కొన్నా, కొత్త బీరువా కొన్నా పెట్టమా? అంతకంటే నేనేమీ అనుకోలేదు.

గేటు దగ్గర చిలుకమ్మ అని ఒక ముసలమ్మ చాయ్ అమ్ముతుంది. మర్నాడు ఆమె మనవరాలికి అదే దవాఖానలో కాన్పు కష్టమైంది. ఎవరికి మొక్కాలో తోచక, ఎదురుగా బొట్టు పెట్టి ఉన్న కుండీకి మొక్కింది. తల్లీ పిల్లా క్షేమంగా బయటపడ్డారు. చిలుకమ్మ ఆ సాయంత్రమే దీపం పెట్టింది. ఇంక చెప్పాలా? కాన్పుల దవాఖాన ముందు మొక్కులకు కరువా? పది రోజుల్లో పదహారు కుండీల్లోనూ తులసి వచ్చింది. ఎవరు తెచ్చి నాటారో తెలియదు. గోడ గంటలు కొట్టి మరీ దండం పెట్టుకునేవాళ్లు. నేను ఎంచి ఎంచి పెట్టించిన గంటలవి.

నేను అటు వెళ్తే చిలుకమ్మ నా రెండు చేతులూ పట్టుకునేది. "మొదలు బొట్టు పెట్టింది నీ చెయ్యే బిడ్డా. ఎంత మంచి చెయ్యి!" అనేది. అబద్ధం ఎందుకు, నాకు సంతోషంగానే ఉండేది. ప్రతి శుక్రవారం కుంకుమ పళ్లెం పట్టుకొని వెళ్లడం మొదలుపెట్టాను.

ముందు చెప్పులు విడిచి కూర్చోమన్నారు. సరే, మంచిదే. తర్వాత కుండీ వైపు కాళ్లు చాపొద్దన్నారు. బల్లకూ కుండీకీ మధ్య జానెడు సందు. కాళ్లు ఎటు పెట్టినా ఏదో ఒక తులసి వైపే. ఆ తర్వాత మైల ఉన్నవాళ్లు కూర్చోవద్దన్నారు. అదెవరు అన్నారో కూడా తెలియదు. ఒకరు అన్నారు, పదిమంది తలలూపారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం ముందు నుంచి తలెత్తాడు. "కాన్పుల దవాఖానల మైల లేనోళ్లు ఎవలే? లోపట పురుడైతాంటే బయట కూసున్నోళ్లకు మైల ఉండదా? మరి ఆ బల్లలు ఎవలికోసం పోసినట్టు?"

"నన్నడుగుతవేంది? నేను చెప్పిన్నా?"

"నువ్వు మేడంకన్న చెప్పు, గవి ఒట్టి కుండీలని."

చెప్తాలే అన్నాను. చెప్పలేదు. నేను మొదలుపెట్టిన పూజను నేనే ఎట్లా కాదంటాను?

రోహిణి కార్తెలో దీపకు నొప్పులు వచ్చాయి. బుధవారం తీసుకొచ్చారు. గురువారం అర్ధరాత్రి దాటాక మగపిల్లవాడు పుట్టాడు. నెల తక్కువ బిడ్డ. ఏడవలేదట. అద్దాల పెట్టెలో పెట్టారు. దేవ్యా భార్య యాకమ్మ లోపల కూతురి దగ్గర ఉంది. పిల్లవాడి విషయం ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ చెప్పలేమని మేడం అన్నదని దేవ్యా మా ఆయనకు ఫోన్ చేశాడు. పొద్దున్నే వాళ్లకు ఇడ్లీ, నా పూజకు పళ్లెం, రెండూ పట్టుకొని బయలుదేరాను. ఆ రోజు శుక్రవారం.

పది గంటలకే ఎండ నిప్పులు చెరుగుతోంది. గేటు దగ్గరి బల్ల మీద దేవ్యా ఒక చివర కూర్చుని ఉన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదు, కళ్లు లోపలికి పోయాయి. నడుము వెనక తువ్వాల మడిచి పెట్టుకొని, తను వాల్చిన వాలుకే ఆని ఉన్నాడు. బల్ల చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు నూనె గిన్నెలు, వత్తులు పట్టుకొని నిలబడ్డారు. ఎవరూ అతన్ని ఏమీ అనడం లేదు. నా కోసం చూస్తున్నారు.

"వచ్చినవా బిడ్డా" అంది చిలుకమ్మ. గొంతు తగ్గించి, "ఆయినెకు పురిటి మైలాయె. రాత్రే. చెప్తె ఏమనుకుంటడో అని మేము చెప్పలే. మీ మనిషే గద. నువ్వు చెప్పు" అంది.

దేవ్యా విన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనేం చెప్తానో వినడానికి చూసినట్టే ఉంది. ఒక్క మాట చాలు. ఇది కోట కాదమ్మా, కుండీ, ఇదిగో ఈయన చేత్తోనే గూడు మూసి పోశాడు అంటే అయిపోయేది. పళ్లెంలో కుంకుమ మీద చెమట చుక్క పడింది. ఎనిమిది మంది నా నోటి వైపు చూస్తున్నారు.

"దేవ్యన్నా, జర ఆ గోడ దిక్కు కూసోరాదు. ఒక్క పది నిమిషాలు" అన్నాను.

"ఆఁ అక్కా" అని లేచాడు. లేవడానికి బల్ల మూల పట్టుకున్నాడు. తువ్వాల తీసుకొని గోడ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. అక్కడ నీడ లేదు.

దీపం పెట్టాము. పది నిమిషాలూ అయ్యాయి. దీపం వెలుగుతుండగా మళ్లీ అక్కడ కూర్చోమని ఎవరం పిలుస్తాం? ఇడ్లీ డబ్బా తీసుకెళ్లి అతని పక్కన పెట్టాను. "తిను దేవ్యన్నా" అన్నాను. "తింటనక్కా" అన్నాడు. యాకమ్మ లోపలి నుంచి వచ్చి, మొగుడు ఎండలో నేల మీద కూర్చుని ఉండటం చూసి, వాళ్ల భాషలో ఏదో అడిగింది. అతను ఒక్క ముక్క జవాబు చెప్పాడు. ఆమె బల్ల వైపు, నా చేతిలో పళ్లెం వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో వాళ్ల భాషలో నాలుగు ముక్కలు కూడా నేను నేర్చుకోలేదు. ఆ ఒక్క ముక్క ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లవాడు బతికాడు. ఆరో రోజు తల్లి పాలు తాగాడు. చిలుకమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, "తాత మాట విని ఎంటనే లేచిండు, తులసమ్మ పిలగాన్ని ఇచ్చింది" అని. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మండి ఏం లాభం? ఇదంతా చూస్తున్న మేడం కూడా ఆపలేకపోయింది. ఆమె అత్తగారు రోజూ సాయంత్రం వచ్చి నాలుగో కుండీ దగ్గర దీపం పెడుతోంది.

దేవ్యా పనికి రాలేదు. బిడ్డ, మనవడు ఉన్నారు కదా, రాడులే అనుకున్నాం. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. భూపాలపల్లి నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఇరవై ఒకటో రోజు, మైల తీరే పురుడు చేస్తున్నామని యాకమ్మ మా ఆయనకు ఫోన్ చేసి పిలిచింది. నన్ను పిలిచిందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక్కడే వెళ్లి చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు.

"ఏమన్నడు?"

"ఏమంటడు. మంచిగనే మాట్లాడిండు. ఇంటింటికి తీపి పంచిండ్రు. పిలగాన్ని నా ఒళ్లె పెట్టిండు. పనికి ఎప్పుడొస్తవు అంటె, చూస్త సేటూ అన్నడు." చెప్పులు విప్పుతూ ఆగాడు. "తిట్టినా మంచిగుండేదే."

నేను చేసింది ఆయనకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను.  ఆయన పక్క దులుపుతూ, "నేనున్నా గట్లనే అందునేమో" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో తెలియలేదు.

మృగశిర ఆఖర్లో నాలుగు చినుకులు పడ్డాయి. దీపాల నూనె కారి బండలు జారుడుగా ఉంటే, ఒక నిండు గర్భిణి కాలు జారి, పక్కవాళ్లు పట్టుకోబట్టి బతికింది. నవ్య మేడం మా ఆయనను పిలిపించింది. కుండీలు తీసేయాలంది. నేను కూడా వెళ్లాను. ఈసారైనా నోరు విప్పాలనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా సరే అనుకున్నాను.

ఇద్దరు కూలీలను గడ్డపారలతో తీసుకెళ్లాం. వాళ్లు కుండీ దాకా వచ్చి, పసుపు కుంకుమలు చూసి, గడ్డపారలు కింద పెట్టేశారు. "మాతోటి కాదు సేటూ. పిల్లలు గలోళ్లం" అన్నారు. చిలుకమ్మ కేకలు వేయలేదు, అడ్డం పడలేదు. చాయ్ గిన్నె దించి, వచ్చి కుండీ పక్కన నేల మీద కూర్చుంది.

"అవ్వా, గిది కోట గాదు" అన్నాను. "మా యార్డుల పోసిన కుండి. అచ్చు ఒక్కటే ఉంటె గూడు మూసి పోసినం. నేనే రంగులు చెప్పిన. గీ గంటలు సుత నేనే పెట్టించిన."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నువ్వే బొట్టు పెడ్తివి గద బిడ్డా. పెట్టిన చెయ్యి తోటే తీస్తవా? తియ్యి మరి. నేను వద్దంటనా?"

మా ఆయన కూలీ చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. రెండడుగులు వేశాడు. ఆగి, చెప్పులు విడిచాడు. విడిచిన మనిషి ఇంక ఏం కొడతాడు? గడ్డపార గోడకు ఆనించి వచ్చేశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేడం మెట్ల మీద నిలబడి అంతా చూస్తోంది. ఆమె ముఖంలో అలసట తప్ప ఇంకేమీ లేదు.

"పోనీ అంకుల్, బల్లలు తీసుకపోండ్రి. కూసునే కాడ కొట్లాటన్న ఉండదు" అంది.

బల్లలు తీయడానికి కూలీలకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. గంటలో ఎనిమిదీ ఊడదీసి ట్రాలీ ఆటోలో వేశారు. మేం బయలుదేరేటప్పటికి అప్పుడే ఒక తల్లిని లోపలికి తీసుకెళ్లినట్టున్నారు, వెంట వచ్చినవాళ్లు నలుగురు మెట్ల మీద కూర్చున్నారు. పదహారు కుండీలూ వరుసగా, నేను చెప్పిన రంగుల్లో, ముచ్చటగా ఉన్నాయి.

బల్లలను యార్డులో చింతచెట్టు కింద దింపించాం. మా ఆయన భూపాలపల్లికి ఫోన్ చేసి, పని చేసే మనిషి లేడని చెప్పాడు. అచ్చులు కడిగి, నూనె రాసి, బోర్లించాం.

ఆషాఢం మొదట్లో ఒక పొద్దున దేవ్యా వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, చేతిలో సంచి ఉంది. తన తాపీ, తూకం గుండు తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. అవి ఎక్కడ ఉంటాయో అతనికే తెలుసు, వెళ్లి తెచ్చుకున్నాడు. హైదరాబాదు బండికి ఇంకా గంట టైముంది, స్టేషన్‌కు తీసుకెళ్లే ఆటో వస్తోందన్నాడు.

"అక్కడ ఏం పని దేవ్యా?" అన్నాడు మా ఆయన.

"వాచ్‌మన్ పని సేటూ. ప్రేమ్‌సింగ్ మాట్లాడిండు. గేటు కాడ కూసునుడే. కుర్చీ వాళ్లే ఇస్తరట."

"పిలగాడు ఎట్లున్నడు?" అన్నాను నేను.

"మంచిగున్నడక్కా. నెల దాటింది. నవ్వుతాండు."

ఆ మాటకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అతను ఒక చేత్తో నడుము పట్టుకొని నిలబడి ఉన్నాడు. పక్కనే చెట్టు నీడలో అతను దువ్విన బల్లలు ఎనిమిది ఉన్నాయి. నేను వెళ్లి కొంగుతో ఒక బల్ల మీద దుమ్ము తుడిచాను. చివరిదాకా తుడిచాను.

"ఆటో వచ్చేదాక కూసో దేవ్యన్నా" అన్నాను.

అతను బల్ల వైపు చూశాడు. గుండ్రంగా రుద్దిన మూల మీద చెయ్యి వేసి, ఒకసారి తడిమి, తీసేశాడు.

"వద్దక్కా" అన్నాడు మెల్లగా. "మాకింకా మైల పోలేదు."

ఇరవై ఒకటో రోజు పురుడు అయిపోయింది. మా ఆయన స్వయంగా వెళ్లి తీపి తిని వచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసని దేవ్యాకూ తెలుసు.  

ఆటో రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అతను నిలబడే ఉన్నాడు.